నఫీజ్ ఎఫెండి తలరాయి

అందరి తలరాతా దేవుడు రాస్తాడు, తలరాయి నేను చెక్కుతాను. ఆయన రాతని ఊరంతా తిట్టుకుంటుంది గాని, నా పనికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. పెట్టాల్సినవాళ్లంతా దాని కిందే ఉన్నారు.

తురుష్క సుల్తాను రాజధానికి ఎదురు ఒడ్డున, ఉస్కుదార్ ఖబరస్తాన్ గోడకి ఆనుకునే నా కొట్టు. మా దగ్గర మగవాడు బతికినన్నాళ్లూ తలకి ఏది చుట్టుకున్నాడో, పోయాక అదే రాతిలో చెక్కి గోరీ మీద నిలబెడతాం. పైభాగం చూస్తే చాలు, కింద పడుకున్నది ఖాజీయో, సిపాయో, గుమాస్తాయో తెలిసిపోతుంది.

నఫీజ్ ఎఫెండి ఖజానా కచేరీలో కలాలు అరగదీసి, తనూ అరిగిపోయి కొలువు దిగిన పెద్దమనిషి. బతికుండగానే తన రాయి చెక్కించుకున్నాడు. సొంత తలపాగా నా ముందు పెట్టి, ఒక్కొక్క మడతా వేలితో చూపించి మరీ చేయించాడు. తేదీ ఒక్కటే ఖాళీ. మధ్యాహ్నం నమాజు కాగానే వచ్చి, ఎదురుగా బల్ల వేసుకుని, కాఫీ తాగుతూ దానివంక చూసుకునేవాడు, పెళ్లిచూపులకి వచ్చినవాడిలా. "దీని కింద పడుకుంటే చాలు ఉస్తా, ఇంకేం అక్కర్లేదు" అనేవాడు. ఉస్తా అంటే మా దగ్గర మేస్త్రీ.

ఈలోగా ఫర్మానా దిగింది. మతగురువులు తప్ప కొలువులో ఉన్న ప్రతివాడూ తలపాగా తీసేసి ఎర్ర కుచ్చుటోపీ పెట్టుకోవాలట. మిగతా దేశాల రాజులు జనానికి కుచ్చుటోపీ చాటుగా పెడతారు. మా సుల్తాను దండోరా వేయించి పెట్టాడు.

ఎఫెండి అల్లుడు రాసిఖ్ మొదటిరోజే పెట్టుకున్నాడు. సైనిక కచేరీలో పెద్ద గుమాస్తా పదవి అతనికి రావాలి. తన పై అధికారులు నడిచే దారిలో తలపాగాతో నిలబడ్డ మామ రాయి అతని కంట్లో నలుసైపోయింది. అతని భయం ఉత్తది కాదు. మూడేళ్ల కిందట జానిసరీ సిపాయిల దళాన్ని రద్దు చేసినప్పుడు చచ్చినవాళ్లనీ వదల్లేదు. గోరీల మీది రాతి టోపీలని సుత్తులతో విరగ్గొట్టారు. ఆ తలలు నా గుమ్మం ముందు నుంచే దొర్లాయి.

ఒకరోజు మామ కాఫీ తాగుతుండగానే అల్లుడు వచ్చి నిలబడ్డాడు.

"మామగారూ, దీన్ని టోపీగా మార్పించండి. ఇద్రిస్ ఉస్తా, అవుతుందా?"

"అవుతుందండీ," అన్నాను. "తలపాగాలోంచి టోపీ తీయొచ్చు. టోపీలోంచి తలపాగా తీయలేం. రాయి తరుగుతుంది గాని పెరగదు."

"మన రాజ్యంలాగా," అన్నాడు ఎఫెండి.

"రాజ్యం తరిగింది మీ తలపాగాల వల్లే. చెవులు మూసుకుపోయి మీ తరానికి ఫిరంగి మోత వినపడలేదు."

"మీ చెవులు ఖాళీగానే ఉన్నాయిగా అల్లుడుగారూ. రష్యావాడు మన పాత రాజధాని ఎదిర్నే దాకా వచ్చి కూర్చున్నాడు, వినపడిందా? గ్రీసు పోయింది, కనపడిందా?"

"అందుకే అన్నీ బాగుచేస్తున్నాం."

"వెనకటికి బాగ్దాదు ఖలీఫాలు పోయారు, కొర్దోబా ఖలీఫాలు పోయారు, కైరోలో మమ్లూకులు మన చేతిలోనే పోయారు. వాళ్లంతా తలలు పోగొట్టుకున్నారు. తల మార్చుకోలేక టోపీ మార్చిన ఘనత మాత్రం మీదే."

"మీరు పోయాక మీ పేరుతో బతకాల్సింది నేనండీ."

"నా రాయి కింద నువ్వేం బతకనక్కర్లేదు."

రాసిఖ్ చెవులు టోపీ రంగుకొచ్చాయి. నేను వారించేలోపు నా పెద్ద సుత్తి లాక్కుని తలపాగా మీద ఒక్కటేశాడు. రెండు మడతలు ఊడి కాఫీ గిన్నె పక్కన పడ్డాయి.

ఎఫెండి లేచి, ఊడినచోట వేళ్లు పెట్టి తడిమాడు.

"అతుకుతుందా ఉస్తా?"

"అతుకుతుందండీ. అతుకు కనపడుతుంది."

"అయితే టోపీయే తియ్యి."

"ఇంతసేపూ నేను మొత్తుకున్నది అదేగా," అన్నాడు రాసిఖ్, సుత్తి కింద పెడుతూ.

"కుచ్చు కూడా పెట్టు. నా పేరు చెరిపేసి అల్లుడుగారి పేరు చెక్కు. సైనిక కచేరీ అని కింద వెయ్యి, ఆయనకి ఇష్టం. తేదీ ఎలాగూ ఖాళీయే, కలిసొచ్చింది."

"మామగారూ, నేనింకా బతికే ఉన్నాను."

"తొందరేం లేదు బాబూ."

"ఉస్తా, ఈ ముసలాయన మాట విని నా పేరు చెక్కావో..."

"రాయి ఆయనది, దెబ్బ మీది," అన్నాను. "ఇక మిగిలింది నా వంతు."

ఎఫెండి ఊడిన మడతలు రెండూ చేతిరుమాల్లో మూటగట్టి నా చేతికిచ్చాడు. "నా తల దగ్గర ఇవి పెట్టు చాలు. వీటిని ఇంకెవడూ తగ్గించలేడు."

ఆ చలికాలం ఆయన దాటలేదు. చెప్పినట్టే పెట్టాను. నిలువెత్తు రాళ్ల మధ్య పేరూ ఊరూ లేకుండా రెండు మడతలు, ఎవరో నమాజుకి ముందు చేతులూ మొహమూ కడుక్కుని వజూ చేసుకోడానికి తలపాగా విప్పి పక్కన పెట్టినట్టున్నాయి.

రాసిఖ్‌కి పదవి వచ్చింది. అతని పేరుతో టోపీరాయి నా గుమ్మం పక్కనే, అందరికీ కనపడేలా నిలబెట్టాను. అప్పట్నుంచీ అతను రేవుకి వెళ్లాలంటే గుట్ట చుట్టూ తిరిగి, బురదలో పడి పోతున్నాడు. కచేరీవాళ్లు మాత్రం ఇటే నడుస్తూ, "పెద్ద గుమాస్తాగారు ఇంకా ఖబరస్తాన్ బయటే ఉన్నారే" అనుకుంటారు.

నిన్న వాన. పడవ కదిలిపోతోందేమో, గత్యంతరం లేక నా దారినే పరుగెత్తుకొచ్చాడు. టోపీ ఎరుపు కరిగి నుదుటి మీదుగా ముక్కు దాకా కారుతోంది. రాయి ముందు ఆగాడు.

"దీన్ని పగలగొట్టెయ్ ఉస్తా."

"ఉండనివ్వండి," అన్నాను. "రేపు ఈ టోపీ కూడా తీసెయ్యమంటారు. అప్పుడు రండి. అందులో తరగడానికి ఇంకా బోలెడు రాయి ఉంది."