బసవయ్య గారు ఉన్నారు

"బసవయ్య గారి ఏజెంటండీ?" అని అఫ్సానా ఫోన్లో అడిగింది.

అవతల గాలి హోరు. ఆ హోరులోంచి ఓ ఆడగొంతు నెమ్మదిగా, "అరవై రెండమ్మా. పోయారుగా," అంది. అంతే, లైను తెగిపోయింది. నాగాయలంక దాటితే సెల్ సిగ్నలు సముద్రస్నానానికి వెళ్లిపోతుంది. మళ్లీ ఒళ్లు తుడుచుకుని ఎప్పుడొస్తుందో దాని ఇష్టం.

అఫ్సానా ఫోను వంక చూసింది. పటమటలోని ఆ ఆఫీసులో ఏజెంట్లు మొత్తం నలభై. అరవై రెండోది ఎక్కడిది? పోనీ, ఉందే అనుకుందాం, అది పోవడమేమిటి? ఎదురుగా గోడ మీది తెరలో ఆకుపచ్చ అక్షరాలు నిబ్బరంగా వెలుగుతున్నాయి: బసవయ్య గారు ఉన్నారు.

ఇక్కడ ఏజెంటంటే ఇంటికొచ్చి బీమా కట్టించి, మన చావు గురించి మనకే నవ్వుతూ చెప్పే పెద్దమనిషి కాదు. ఓ చిన్న ప్రోగ్రాము. కృష్ణా డెల్టాలో రొయ్యల చెరువుల గట్ల మీద షెడ్లుంటాయి. ఈ ఆఫీసు వాళ్లు ఒక్కో షెడ్డులో ఓ పెట్టె పెట్టారు. పెట్టెలోంచి ఓ తీగ నీళ్లలోకి దిగి ఆక్సిజన్ ఎంతుందో కొలుస్తుంది. ఆ అంకెలు పటమట చేరితే ఇక్కడి కంప్యూటర్లు వాటిని ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఆక్సిజన్ పడిపోతున్న చోట రైతు ఫోనుకు "ఏరేటర్లు వెయ్యండి", అంటే నీళ్లు చిలికి గాలి కలిపే మరలు తిప్పండి, అని కబురు పంపుతాయి. ఈ ప్రయాణమంతటికీ పైప్‌లైనని పేరు. నీళ్లు రావు, నీళ్ల కబుర్లు మాత్రం వస్తాయి. పెట్టెలో కూర్చున్న ఏజెంటు పనల్లా నిమిషానికోసారి "ఉన్నాను" అనడమే.

పోయిన వానాకాలంలో ఈ పైపు చడీచప్పుడూ లేకుండా మూసుకుపోయింది. కబురు రాలేదు కాబట్టి అంతా క్షేమమే అనుకున్నారు రైతులు. పొద్దెక్కేసరికి ఓ చెరువు నిండా రొయ్యలు చచ్చి ఉన్నాయి. ఆ తర్వాతే అఫ్సానాను ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇకమీదట ఎవరి పెట్టె మూగబోయినా ఆ సంగతి కూడా తెర మీద కనిపిస్తుందని ఆమె రైతులకు మాటిచ్చింది. ఈ ఆదివారం వాళ్లంతా వచ్చి ఆ తెర చూస్తారు. అందులో ఒక్క వరస అబద్ధమాడినా మిగతా వరసల్నీ నమ్మరు, ఆమెనూ నమ్మరు. అందుకే ఏజెంట్ల సంగతి అడుగుతూ గట్ల మీదికి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది.

ఏజెంట్లకు నంబర్లు పెడదామని ఆమె మొదట్లోనే అంది. యజమాని అచ్యుతరామారావు గారు ససేమిరా అన్నారు. వయసు మళ్లిన మనుషుల్ని పట్టుకుని పదమూడు, పద్నాలుగు అని పిలవడానికి ఇదేమైనా జైలా అన్నారు. డెల్టా మర్యాద అది. ఇక్కడ గారు లేకుండా గారె కూడా వడ్డించరు. అందుకని ఒక్కో ఏజెంటుకు ఆ చెరువు చూసుకునే మనిషి పేరు పెట్టి, చివర గారు తగిలించారు. పలికితే ఫలానా గారు ఉన్నారు. పలక్కపోతే ఫలానా గారు పలకడం లేదు.

తెగిన ఫోను నంబరు చూసి, సాయంత్రం బసవయ్య కొడుకు చక్రి ఫోన్ చేశాడు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతు. నాన్న పోయిన వారమే షెడ్డులో మంచం మీద, నిద్రలోనే పోయారని చెప్పాడు. ఆ ముందురోజే రొయ్యలు పట్టేసి చెరువు ఎండగట్టామని, ఇప్పుడందులో చుక్క నీరు లేదని కూడా చెప్పాడు.

అఫ్సానా మెల్లగా తెర వంక తిరిగింది. బసవయ్య గారు ఉన్నారు. ఆ పేరు పక్కనే అంకెలు. లేని నీళ్లలో ఉన్న ఆక్సిజన్. ఆక్సిజనుంది, జనం లేరు.

పక్క సీటు అఖిలేష్ ఆ వారం రోజుల ఆక్సిజన్ గీతను తీసి చూపించాడు. మామూలు చెరువులో ఎండకు ఆక్సిజన్ ఎక్కుతుంది, తెల్లవారేసరికి దిగుతుంది. ఈ గీత రోజంతా చాప మీద పడుకున్నట్టు చదునుగా ఉంది. రోజూ పొద్దున్నే మాత్రం ఒకసారి లేస్తోంది, ఎవరో లోతుగా ఊపిరి పీల్చుకున్నట్టు. తర్వాత నిదానంగా వాలిపోయి మళ్లీ పడుకుంటోంది.

సర్వర్ పడిపోయిందంటే ఇడ్లీలు ఒలికాయా అని అడిగే రకం అఖిలేష్. ఆ సాయంత్రం తెరకు వీపు పెట్టి కూర్చోలేక కుర్చీ తిప్పుకున్నాడు. అచ్యుతరామారావు గారు తన గదిలోంచి తల మాత్రం బయటపెట్టి, గారు అన్న పాపానికి గాబరా పట్టుకుందని, ఆ అరవై రెండో ఏజెంటు గొడవ తర్వాత చూద్దామని, ముందు ఆ వరస వెంటనే తీసెయ్యమని చెప్పారు. ఎందుకు పలుకుతోందో తెలుసుకోకుండా తీసేస్తే, రేపు ఇంకో పెట్టె కూడా లేని నీళ్లు చూపిస్తుంది కదండీ అంది అఫ్సానా. ఆయన తల లోపలికి తీసుకున్నారు. ఆమె దగ్గర ధైర్యం లేదు. అయినా మర్నాడు వేకువనే ఆమె, అఖిలేష్ కారులో బయల్దేరారు.

అవనిగడ్డ దాటాక మంచు కమ్మింది. కాలువ గట్టు మీది తాడిచెట్లకు మొదళ్లే ఉన్నాయి, తలల్లేవు. దారికి అటూ ఇటూ కనబడని చెరువుల్లో ఏరేటర్లు నీళ్లను చిలుకుతున్న చప్పుడు. బసవయ్య చెరువు గట్టెక్కేసరికి ఆ చప్పుడు కూడా వెనకబడింది. చెరువులో నల్లటి బురద పగుళ్లిచ్చి నోరు తెరుచుకుని ఉంది. గట్టు చివర తాటాకు షెడ్డు.

అఫ్సానా ఫోనులో గీతను తెరిచి పట్టుకుని నడిచింది. అది చదునుగా పడుకునే ఉంది. షెడ్డు దగ్గరపడుతుండగా లేచింది.

"పైకొస్తోంది," అంది.

షెడ్డులోంచి నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది.

అఖిలేష్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ధైర్యం చెప్పడానికో, అప్పు తీసుకోవడానికో అతనికే తెలియదు. లోపల ఖాళీ నులకమంచం, మీద మడతపెట్టిన దుప్పటి. తలవైపు నేల మీద ఓ ఇత్తడి చెంబు. పెట్టె తీగ ఆ చెంబులోకి దిగి ఉంది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం. దాని ముందు కూర్చుని ఓ పెద్దావిడ బిందెలోంచి చెంబులోకి నీళ్లు పోస్తోంది. బసవయ్య భార్య నాంచారమ్మ.

ఆవిడ బెదరలేదు. ఎక్కడ్నుంచి వచ్చారని అడిగి, మంచం మీద మాత్రం కూర్చోవద్దని చెప్పి, చాప పరిచింది. మనిషి పోయిన చోట పెద్దకర్మ దాకా దీపం పెట్టాలి, నీళ్లు పెట్టాలి. ఈ గట్టు గాలికి నూనె దీపం నిలవలేదు, లాంతరూ నిలవలేదు. నిలిచింది పెట్టె మీది దీపమే. అయితే చెరువు ఎండగట్టాక తీగ గాల్లో వేలాడి అది ఎర్రబడింది. ఆయనకు ఎర్రదీపం పెట్టబుద్ధి కాలేదు. ఆయన కోసం పెట్టిన నీళ్లలోనే తీగ ముంచి చూస్తే పచ్చగా వచ్చింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వచ్చి పాత నీళ్లు వంచేసి కొత్తవి పోస్తోంది.

కొత్తగా పోసిన నీళ్లలో గాలి కలుస్తుంది. అదే ఆ ఊపిరి. అఫ్సానా ఫోనులోని గీతనూ, చెంబునూ మార్చి మార్చి చూసింది. ఏజెంటు అబద్ధమాడలేదు. ఉన్నావా అని మాత్రమే అడిగారు, ఉన్నానంది. ఎక్కడున్నావు, నీ నీళ్లు చెరువులా ఉన్నాయా అని ఆమే అడగలేదు.

అంతలో చక్రి బండి మీద వచ్చాడు, వాడి వెనకే అచ్యుతరామారావు గారి ఫోనూ వచ్చింది. అఫ్సానా స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పింది. అయితే తీసెయ్యమ్మా, ఇబ్బందేముంది అన్నారాయన.

"తీసేస్తే పెట్టె ఆగిపోయి ఈ దీపం ఆరిపోతుందండీ. తీయను. చెరువుల వరసలోంచి పక్కకు జరుపుతాను. ఆదివారం రైతులు అడిగితే ఇది చెరువు కాదని, చెంబని చెప్తాను. మిగతా పెట్టెలన్నిటికీ నీళ్లు ఎక్కి దిగుతున్నాయో లేదో చూసే ఏర్పాటు కూడా చేస్తాను."

నాంచారమ్మ అఫ్సానా వైపు జరిగింది.

"అమ్మాయ్, నిన్న ఫోన్లో ఆయన వయసడిగింది నువ్వేనా?"

"వయసా అండీ?"

"ఏజెంతండీ అన్నావుగా. అరవై రెండని చెప్పాను. పోయిన మనిషి వయసు ఎవరడుగుతారు తల్లీ? ఇంకా ఎవరి లెక్కలోనో ఉన్నారన్నమాట అనుకుని నిన్న నాలుగు ముద్దలు తిన్నాను."

అవునంటే సరిపోయేది. అఖిలేష్ కళ్లతో అదే చెప్పాడు. కానీ ఆ పచ్చదీపం ముందు కూర్చుని అఫ్సానాకు అవుననడానికి నోరు రాలేదు.

"నేనడిగింది ఏజెంటండీ. ఈ పెట్టెలో ఉండి, ఉన్నాను ఉన్నాను అని మాకు చెబుతుంటుంది. దానికి ఆయన పేరే పెట్టాం. బసవయ్య గారు అని."

"గారు కూడానా?"

"గారు కూడా."

నాంచారమ్మ దీపం వంక చూసింది. "బతికుండగా ఆయన్ని ఎవరూ అలా అనలేదు," అంది.

ఇంకా స్పీకరులోనే ఉన్న ఫోనులోంచి అచ్యుతరామారావు గారు, అదంతా సరే, మరి పోయిన ఆ అరవై రెండో ఏజెంటు ఎవరమ్మా అని అడిగారు.

నాంచారమ్మ ఫోను మీదికి వంగింది. "అది మా ఆయన వయసు బాబూ. ఈ అమ్మాయి ఏజెంటంటే నాకు ఏజెంతని వినపడింది."