రాగి చెంబు నడక

త్రినాథరావు గారి ఎడమ చెవి ఎందుకు వినబడదో ఈ కథలో చెప్పడం లేదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. రైల్వేలో వెల్డరుగా ఆయన గడిపిన చివరి సంవత్సరాల ప్రస్తావన కూడా ఇందులో ఉండదు. చెప్పదగినది హిందీ మాట్లాడే ఊళ్ళో, తోర్వా అనే పేటలో, ఆయన ఇంటి ముందు పెట్టుకున్న వెల్డింగు రేకుల షెడ్డు గురించి, అందులో పనిచేసే మేనల్లుడు గిరిబాబు గురించి, భార్య కనకం గారి రాగి చెంబు గురించి మాత్రమే.

ఆ షెడ్డులో ప్రతి పనికీ ఒక క్రమం ఉండేది. ఆటోలో పడుకోబెట్టి తెచ్చిన ఎసిటిలీన్ సిలిండరును నిలబెట్టి, మర్నాటి వరకూ ముట్టుకోకూడదు. గ్యాసు దాని కడుపులో ఎసిటోన్ అనే ద్రవంలో కరిగి ఉంటుంది. తొందరపడితే ఆ ద్రవమే బయటికి వస్తుంది. మీటరు ముల్లు ఎర్రగీత దాటకూడదు. ఒత్తిడి పెరిగితే ఈ గ్యాసు గాలి తోడు లేకుండానే పేలగలదు. వెల్లుల్లి వాసన వస్తే గ్యాసు కారుతున్నట్టే, అతుకులకు సబ్బునీళ్ళు పూసి చూడాలి. టీకి లేచినా సరే, సిలిండరు వాల్వు కట్టేసి లేవాలి. ఇవన్నీ గిరిబాబుకు కంఠస్థం.

కనకం గారు బొబ్బిలి నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న చెంబుకు ఆ గ్యాసంటే గిట్టదు. రాత్రి నీళ్ళు పోసి వంటింటి గట్టు మీద పెడితే, కొత్త సిలిండరు వచ్చిన మర్నాడు అది పెరటిగోడ పక్కన కనిపించేది. నీళ్ళు తొణికేవి కావు. ఆవిడ వెళ్ళి తెచ్చుకునేవారు.

దసరా తర్వాత చెంబు మరీ దూరం పోసాగింది. ఒకనాడు గేటు బయట, మరొకనాడు టీబండి దగ్గర. "అమ్మాజీ, ఆప్కా లోటా" అంటూ టీబండి నడిపే శివాజీ దాన్ని తెచ్చి ఇచ్చేవాడు.

"ఏటత్తా, నీ చెంబు కూడా మార్నింగ్ వాక్‌కి పోతందేటి? షుగరొచ్చిందా దానికి?" అన్నాడు గిరిబాబు.

"నీలాగ తొమ్మిదింటిదాకా తొంగుంటాదేటిరా అది?"

త్రినాథరావు గారు నవ్వలేదు. ప్రతి అతుకుకూ సబ్బునీళ్ళు పూశారు. ఎక్కడా బుడగ లేదు. గ్యాసు గొట్టం మధ్యలో నల్లటేపు చుట్టి ఉంది.

"ఇదేటి?"

"దసరాకి చిరిగిపోయింది మావయ్యా, జోడించాను. బిల్‌కుల్ టైట్."

నిజమే, అది కారడం లేదు. ఆయన టేపు విప్పలేదు. దాని లోపల ఉన్నది రాగి గొట్టం ముక్క. వేసవిలో ఏసీలు బాగుచేసే గిరిబాబు సంచిలో అలాంటివి ఎప్పుడూ ఉంటాయి. ఏసీ పనివాడికి రాగితో కుదరని అతుకు లేదు. కానీ రాగీ ఎసిటిలీనూ చాలాకాలం కలిసి ఉంటే వాటికి పుట్టే పదార్థం, ఎండిన తర్వాత, చిన్న దెబ్బకే పేలుతుంది. నియమాలన్నీ నేర్పిన త్రినాథరావు గారు ఆ ఒక్కటి మాత్రం మేనల్లుడికి ఏనాడూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం గిరిబాబు ఇనుపగేటు కోస్తుండగా చెంబు పట్టపగలే వాకిలి దిగింది.

"ఒరే గిరీ! చెంబు రోడ్డెక్కిపోతందిరా! లారీ కింద పడతాది, పట్టుకో!" అని కనకం గారు కేకేశారు.

"అరే యార్, అత్తా!" అంటూనే గిరిబాబు మంట ఆర్పి, అలవాటు ప్రకారం సిలిండరు కట్టేసి పరుగెత్తాడు. చెంబు పగటివేళ కదలడం త్రినాథరావు గారు ఎన్నడూ చూడలేదు. ఆయన కూడా లేచి, వెనకే నడిచారు.

చెంబు టీబండి దాటి, చెరకురసం మిషను దాటి, మలుపు తిరిగి ఆగింది. గిరిబాబు వంగి దాన్ని అందుకుంటుండగా వెనక షెడ్డులో చప్పుడైంది. కాకులు లేచాయి.

బల్ల మీంచి జారిన గొట్టం కింద ఉన్న దాగలి దిమ్మ మీద పడి, రాగి అతుకుకు దెబ్బ తగిలినట్టుంది. పైరేకు ఒకటి ఎగిరిపోయింది. గిరిబాబు కూర్చునే స్టూలు చీలిపోయి, దాని వెనక గోడలో, మనిషి ముఖమంత ఎత్తున, రాగిముక్కలు దిగబడి ఉన్నాయి. సిలిండరు మాత్రం నిశ్చలంగా నిలబడి ఉంది.

కనకం గారు మేనల్లుడి తలను రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చెవులు చూశారు.

"ఇనబడతందేటిరా?"

"ఇనబడతంది అత్తా, అలా అరిస్తే పోతాది!"

ఆవిడ ఏడుస్తూనే నవ్వారు. త్రినాథరావు గారు గోడలోంచి ఒక ముక్క పీకి చూసి, "రాగి" అన్నారు. మెట్టు మీద కూర్చుని, చెంబులో సగం నీళ్ళు తాగి, మిగతా సగం గిరిబాబుకు ఇచ్చారు.

మర్నాడు గిరిబాబు రాలేదు. ఎదురుపడే ధైర్యం లేక, తనుండే చకర్‌భాటా నుంచి వంకరటింకర తెలుగులో ఉత్తరం రాసి శివాజీ చేత పంపాడు. "మావయ్యా, తప్పయిపోయింది. నేను సోమవారం రావొచ్చా? మీ ఎడమ చెవి పోయింది కూడా రాగి వల్లేనా?"

ఆయన దాన్ని చదివి, మడిచి, వంటింటి గట్టు మీద చెంబు కింద పెట్టారు. సోమవారం గిరిబాబు బిక్కుబిక్కుమంటూ వచ్చేసరికి కొత్త స్టూలు వేసి ఉంది. దాని మీద ఒక స్టీలు జాయింటు, తుడిచిన వెల్డింగు కళ్ళద్దాలు ఉన్నాయి.

కొత్త సిలిండర్లు వస్తూనే ఉన్నాయి. చెంబు మాత్రం గట్టు దిగడం లేదు. దాని కింద ఆ ఉత్తరం అలాగే ఉంది. త్రినాథరావు గారు దానికి జవాబు రాయలేదు.