గవర్రాజు మూడో ఇంటర్వ్యూ

కన్సల్టెంటు అంటే ఎవరో గవర్రాజుకి నలభై ఆరేళ్లొచ్చేదాకా తెలీదు. తెలిసింది కూడా స్నేహితుడు నజీర్ చెప్తేనే. పని చేసేవాడికి పని ఎలా చెయ్యాలో చెప్పేవాడట. పని కుదిరితే ఆయన చలవ, చెడితే చేసినవాడి పాపం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని విన్నప్పుడు గవర్రాజు ఆశ్చర్యపోలేదు. ఉంటుంది, ఉండకేం, అనుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా అతను రేవులో సిగ్నల్‌మేను. క్రేను నడిపేవాడికి పైనుంచి ఓడ కడుపులో ఏముందో కనపడదు. కింద నిలబడి ఎత్తమనీ, దించమనీ, పక్కకి తిప్పమనీ చేతులతో చెప్పేది గవర్రాజు. ఏడో క్లాసులో బడి మానేసి ఎలమంచిలిలో రైలెక్కిన నాటి మోకాళ్లు ఇప్పుడు లేవు. ఎడమది వంగితే లేవదు, లేస్తే వంగదు. ఇంకో ఏడాది ఇలా ఎండలో నిలబడితే కర్రే గతి అన్నాడు డాక్టరు. కర్ర పట్టిన చేత్తో సిగ్నలేం ఇస్తాడు?

సరిగ్గా అప్పుడే, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట బరువులెత్తే పనికి సలహాదారు కావాలనీ, అనుభవం ఉంటే చదువు అక్కర్లేదనీ కలకత్తా కంపెనీ ఒకటి పేపర్లో వేసింది. నజీర్‌కి వన్‌టౌన్‌లో టైపు మిషను కొట్టు. దరఖాస్తు అతనే కొట్టిపెట్టాడు. మొదటి పిలుపులో కాగితాలు చూశారు. రెండో పిలుపులో తాళ్ల సంగతీ కొక్కేల సంగతీ అడిగారు. నలభై మందిలో ముగ్గురు మిగిలారు. మూడో పిలుపు, ఆఖరుది, సోమవారం పదింటికి సీతమ్మధారలో కంపెనీ గెస్టుహౌసులో. అది గట్టెక్కితే గవర్రాజుకి కుర్చీ.

మూడు రోజులు నజీర్ వదల్లేదు. కొట్టు తలుపు దగ్గరికేసి, మిషను వెనక కూర్చుని పెద్దమనిషి వేషం కట్టేవాడు.

"కూకోమనేదాకా కూకోకు. ఇప్పుడు నీ గురించి సెప్పు."

"నా గురించి నీకు తెల్దేటి బావా?"

"నాను నజీర్ని కాదు. కలకత్తా నుంచొచ్చిన పెద్ద ఇంజినీర్ని."

"మరి ఆ ఇంజినీరుకి బనీను సిరిగిపోయిందేటి?"

"ఏలాకోలం తరవాత. నీలో లోపం ఏటని అడుగుతారు. ఏటంటావ్?"

"మోకాలు."

"సచ్చేం పో. మోకాలని ఎవడైనా సెప్తాడా? పని మొదలెడితే తిండి కూడా మర్సిపోతాను సార్, అదే నా లోపం, అనాల."

"అదబద్దం కదా. పన్నెండు కొడితే నాకు కేరేజీయే గుర్తొత్తాది."

"ఇంటర్వ్యూలో నిజం సెప్పడానికెల్తన్నావేటి? రెండొందల దరకాస్తులు కొట్టేను నాను. ఒక్కదాంట్లోనూ నిజం కొట్టమని ఎవడూ అడగలేదు."

అలా నోటికి నూరిపోశాడు. గవర్రాజు రేవులో నడుస్తూ, బువ్వ తింటూ, చొక్కా విప్పుతూ అవే వల్లించుకునేవాడు. దేముడమ్మ మూడో రోజు పొద్దున్న మొగుడికి కాఫీ గ్లాసిస్తూ అంది. "నిద్దట్లో కూడా సార్, సార్ అంటన్నావు. పెళ్లయి ఇరవయ్యేళ్లయింది, ఇంత మర్యాద నాకెప్పుడిచ్చేవు?" గవర్రాజు నవ్వబోయాడు గాని అలసట అడ్డొచ్చింది. ఈ వయసులో పరీక్షకి చదవడం, అరిగిపోయిన చెప్పుకి కొత్త మేకు కొట్టడం ఒకటే. ఊడకుండా ఎంతదూరం వస్తుందో దేవుడికే ఎరుక.

సోమవారం నజీరే సైకిలు మీద తీసుకెళ్లి గెస్టుహౌసు గేటు దగ్గర దింపాడు.

లోపల ముగ్గురు. మధ్యలో కలకత్తా సాహెబు, కుర్రాడే, ముప్పై దాటి ఉండవు. ఒకపక్క తెలుగాయన. ఇంకోపక్క తల నెరిసిన పెద్దాయన. సాహెబు హిందీలో అడిగాడు, రేవు మనిషికి హిందీ కొత్త కాదు. తన గురించి చెప్పాడు. లోపం అడిగారు, తిండి మరిచిపోతానన్నాడు. ముగ్గురూ తలలూపారు. ఔరా నజీరు, అనుకున్నాడు.

అప్పుడు సాహెబు చొక్కా చేతులు మడిచాడు. ఫైలుకి కట్టిన పురికొస విప్పి రెండు కొసలూ రెండు పెన్సిళ్లకి కట్టాడు. మధ్యలో ఓ ఉచ్చు వేసి గుండ్రటి గాజు పేపర్‌వెయిటు దాంట్లో ఇరికించాడు.

"ఇది అరవై టన్నుల బాయిలరు డ్రమ్ము. ఇవి రెండు క్రేన్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నేనెలా ఎత్తుతానో చూసి మీ సలహా చెప్పండి."

రెండు చేతులా ఎత్తాడు. పేపర్‌వెయిటు బల్ల మీంచి లేచి గాల్లో వేలాడింది. పెద్ద క్రేను ముందు లేస్తే పని తొందరగా అవుతుందంటూ కుడిచెయ్యి ఇంకాస్త పైకి లేపాడు. ఉచ్చు ఎడమవైపుకి జారడం మొదలెట్టింది. బరువంతా చిన్న క్రేను మీదికి పోతోంది. గవర్రాజుకి ఇంకేమీ కనపడలేదు.

రేవులో ఒక కట్టుబాటుంది. లోడు గాల్లో ఉంటే నోళ్లు మూతపడాలి. ఆ యంత్రాల హోరులో మాట వినపడదు, వినపడితే మరీ ప్రమాదం. కేకవేసినవాడి వైపు డ్రైవరు తలతిప్పుతాడు, ఆ తిప్పడంలో మనిషి పోతాడు. అలా పోయిన ఖలాసీని గవర్రాజు తన చేతులతో మోశాడు. అందుకని చెప్పదలిచింది ఏదైనా చెయ్యే చెప్పాలి.

గవర్రాజు కుర్చీలోంచి లేచాడు. కుడిచెయ్యి నిటారుగా ఎత్తి పిడికిలి బిగించాడు. ఆపు అని.

"ఒక్క నిమిషం," అన్నాడు సాహెబు. "మీ సందేహం ఏదైనా ఉంటే నేను పూర్తి చేశాక అడుగుదురు గాని."

గవర్రాజు పిడికిలి దించలేదు. ఇరవై రెండేళ్లలో ఆ పిడికిలి చూసి అంగుళం కదిలిన క్రేను లేదు. సాహెబు మాత్రం కదిలాడు. ఉచ్చులోంచి పేపర్‌వెయిటు జారి బల్ల మీది అద్దం మీద పడింది. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి చిట్లింది.



"తప్పని తెలిసినప్పుడు చెప్పాలి కదా," అన్నాడు సాహెబు, చేతులు తుడుచుకుంటూ.

"చెప్పేను సార్. చెయ్యెత్తేను కదా."

సాహెబు తెలుగాయన వైపు చూశాడు. తెలుగాయన కాగితం వైపు చూశాడు. తల నెరిసిన పెద్దాయనే నెమ్మదిగా అన్నాడు. "ఆయన చెప్పాడు. నాకు అర్థమైంది. నేనూ క్రేన్ల కింద పనిచేసినవాణ్నే." తర్వాత గవర్రాజు వైపు తిరిగాడు. "కానీ బాబూ, ఆ పిడికిలి తెలిసినవాళ్లకి మన సలహా అక్కర్లేదు. తెలియనివాళ్లే మనల్ని పిలిచేది. వాళ్లకి నోటితో చెప్పాలి."

అందులో తప్పేమీ లేదు. అదే గవర్రాజుకి మరీ కష్టమనిపించింది. సాహెబుని తిట్టుకుందామంటే కూడా వీల్లేకుండా పోయింది. ఉత్తరం రాస్తామన్నారు. నమస్కారం పెట్టి బయటికొచ్చాడు.

నజీర్ గేటుకెదురుగా టీ కొట్టు దగ్గరున్నాడు. "ఏటయింది బావా?"

"బల్లద్దం పగిలింది."

సంగతంతా విని నజీర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆగండి సార్, అని ఒక్క మాటంటే సరిపోయేది కాదేటి? నోరేవైపోయింది?"

"ఉంది. నువ్వు నేర్పినవన్నీ ఉన్నాయి దాంట్లో. ఆడు దాన్ని గాల్లోకి లేపేడు బావా. మరి నోరు రానేదు."

"ఉత్తరం రాత్తామన్నారు కదా. ఏవో, వత్తాదేమో."

"వత్తాది. కాయితాలకేటి, వత్తాయి." గవర్రాజు టీ గ్లాసు సగం తాగి కింద పెట్టాడు. "రెండింటికి నాకు డ్యూటీ ఉంది. పోర్టు గేటుకాడ దింపెయ్యి, బేగి పోదాం పద."

నజీర్ సైకిలు తీశాడు. గవర్రాజు వెనక క్యారియరు మీద ఎక్కాడు. ఎడమకాలు మడవడానికి కుదరక రోడ్డు మీదికి చాపుకునే కూర్చున్నాడు. వెనకనుంచొచ్చే లారీలు ఆ కాలుని చూసి కొంచెం తప్పుకుని పోయాయి.