విశ్వసనీయ వర్గాల చిరునామా

ముప్పై ఏళ్ళుగా పత్రికలో పనిచేస్తున్నాను. విశ్వసనీయ వర్గాలు అనే పేరుగల మనిషిని మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఆ మాట ఎవరు రాసుకొచ్చినా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఆ బుధవారం మధ్యాహ్నం హనుమేశ్ తన వార్త నా బల్లమీద పెట్టి, మంచినీళ్ళు తాగే నెపంతో రెండడుగులు వెనక్కి జరిగాడు.

మాది రాయచూరులో వచ్చే చిన్న దినపత్రిక. మూడు పేజీలు కన్నడం, చివరి పేజీ తెలుగు. సరిహద్దు పల్లెల్లో పత్రికను వెనక నుంచే తెరుస్తారు. ఆ వెనక పేజీ బాధ్యత నాది. నా పేరు జయాబాయి. హనుమేశ్ చిక్కసూగూరు వాడు, ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. పరుగెత్తి పనిచేస్తాడు. ఆ పరుగులోనే అప్పుడప్పుడు బోర్లా పడుతుంటాడు.

వార్త ఇది. ఎర్రచెలక పంచాయతీ అధ్యక్షురాలు నింగమ్మ సోమవారం పొద్దున ఊరి బయట తన ప్రత్యర్థి శరణబసవ కారెక్కి రహస్యంగా మాట్లాడిందట. త్వరలో పదవి వదిలేసి ఆయన వర్గంలో కలవబోతోందట. అంతా ‘విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది’.

నింగమ్మ కూలి మనిషి. అధ్యక్షురాలయ్యాక కూడా పొద్దున పంచాయతీ పని చూసుకుని మధ్యాహ్నం మిరప చేనుకు పోతుంది. ఊరి చివర గుడిసెల వైపు మంచినీళ్ళ పైపు వేయించడానికి రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది. పైపు సగం దాకా వచ్చింది. దాన్ని తన తోట వైపు మళ్ళించుకోవాలని శరణబసవ చూస్తున్నాడు. శుక్రవారం ఆమె మీద అవిశ్వాసం. పదిహేనుమంది సభ్యుల్లో పదిమంది చేతులెత్తితే ఆమె దిగిపోవాలి. శరణబసవ దగ్గర ఎనిమిది మంది ఉన్నారు. ఇద్దరు గోడమీద కూర్చున్నారు. ఈ వార్త అచ్చయిందంటే, ఆమే అటు పోతుంటే మనకేం పట్టింది అని ఆ ఇద్దరూ అటే దూకుతారు. నింగమ్మా పోతుంది, పైపూ పోతుంది.

“ఎవరు చెప్పిండ్రు?” అన్నాను.

“ఒక్కరు కాదక్కా, ముగ్గురు. పేర్లు మాత్రం రాయొద్దన్నరు.”

“పేర్లొద్దు గానీ, ఒక్కొక్కని కాళ్ళు అప్పుడు ఏడున్నయో చెప్పు.”

ఇది నా పాత ప్రశ్న. కళ్ళు పొరబడతాయి, చెవులు మరీనూ. కాళ్ళు మాత్రం ఒక సమయంలో ఒక్కచోటే ఉంటాయి.

హనుమేశ్ నోట్‌బుక్కు తీశాడు. మొదటివాడు ప్రహ్లాద్, శరణబసవ వర్గంలో తిరిగే మనిషి. సోమవారం పొద్దున అతని కాళ్ళు రాయచూరులోనే ఉన్నాయి, అంటే విన్నాడే తప్ప చూడలేదు. రెండోవాడు ప్రహ్లాద్ చెప్తే విన్నాడు. మూడోవాడు రైతు, కళ్ళారా చూశాడట.

“ఆ రైతును నువ్వు కలిసినవా?”

“ఫోన్‌ల మాట్లాడిన. ప్రహ్లాదే కలిపిచ్చిండు.”

“ఇంకేంది మరి? నోర్లు మూడు, గొంతు ఒకటే.”

“నిప్పు లేంది పొగ రాదు గదక్కా. కారు నంబరు గుడ్క చెప్పిండు. శరణబసవ సావుకారి తెల్ల కారే. ఆ రైతు నాగలి తోలుతుండెనంట. ఎద్దుల్ని ఆపుకొని చూసిండంట.”

“సోమారమా?”

“ఔ, సోమారం పొద్దుగాల.”

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. మా వైపు పల్లెల్లో సోమవారం ఎద్దుల మెడమీద కాడి పెట్టరు. అది బసవన్న దినం. వాటిని కడిగి, మేత వేసి, ఊరుకుంటారు. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్ళో సోమవారం బండి కట్టమని మారాం చేసి తిన్న తిట్లు నాకింకా గుర్తున్నాయి. హనుమేశ్ పుట్టేసరికి వాళ్ళ ఊరినిండా ట్రాక్టర్లు. ట్రాక్టరుకు వారంతో పనిలేదు. ఆ ముక్క చెప్పగానే అతని మొహం వాడిపోయింది.

పత్రిక యజమాని అంబరీశ్ గారు అద్దాల గదిలోంచి బయటికి వచ్చారు. “జయాబాయి, మనం ఎయ్యకుంటే పొద్దుగాల వరకు అందరి ఫోన్లల్ల ఇదే తిరుగుతది. మనమే ఎనకబడ్తం.”

“ఎనకబడ్తే పడ్దాం సార్. తప్పు చేసి ముందుంటే ఏం లాభం?”

అంటున్నప్పుడే నా పాత వార్త ఒకటి గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ళ కింద నేనూ ఇలాగే పరుగెత్తాను. ఒక హాస్టల్ వార్డెన్ పిల్లల బియ్యం అమ్ముకున్నాడని విశ్వసనీయ వర్గాలు చెప్పాయని రాశాను. అతని ఉద్యోగం పోయింది. ఆరు నెలల తర్వాత విచారణలో ఏమీ తేలలేదు. ఆ సంగతి లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశాం. ఆ వర్గాలు మళ్ళీ కనబడలేదు, వార్డెన్ కూతురు మాత్రం బజారులో ఎదురుపడేది. ఇప్పటికీ నేను వాళ్ళుండిన వీధిలోంచి నడవను. నడవలేను.

అంబరీశ్ గారు కాసేపు గొణిగి, గురువారం సాయంత్రం దాకా గడువిచ్చారు.

వెంటనే ఇద్దరం హనుమేశ్ బండిమీద ఎర్రచెలకకు వెళ్ళాం. ఆ ఊళ్ళో ఎద్దుల జతలు ఇంకా పదకొండున్నాయి. కిష్టప్ప అనే ముసలి రైతును, సోమవారం ఎవరైనా నాగలి కట్టారా అని అడిగితే ఆయన తలపాగా సర్దుకుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

“సోమారం నాగలి కడ్తరా? రేపు బసవన్న మొకం ఎట్ల చూడాలె మేము? ఎవడమ్మా గిట్ల చెప్పింది? వాన్ని తీస్కరా, నా ఎద్దుల ముందర చెప్పమను.”

హనుమేశ్ తలవంచుకుని రాసుకున్నాడు. మిరప చేనులో నింగమ్మ నడుముకు ఒడి కట్టుకుని కాయలు తెంపుతోంది. విషయం చెప్పాను. ఆమె కోప్పడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, “రాయకముందు అడగనీకి వచ్చిండ్రు, అదే సంతోషం. రాసినంక వచ్చేటోళ్ళే ఎక్కువ,” అంది. సోమవారం తాను పొద్దంతా ఊళ్ళోనే ఉన్నానంది.

“ఆమె కాదన్నది గదక్కా, సరిపాయె,” అన్నాడు హనుమేశ్, గట్టుమీదికి రాగానే.

“సరిపోదు. కాదంటే ఆమెకే లాభం. నువ్వు ప్రహ్లాద్‌ను నమ్మినట్టు నేను నింగమ్మను నమ్మితే మనిద్దరికీ ఫరకేముంది?”

నిజానికి నమ్మాలనే ఉంది నాకు. ఆ మిరప ఘాటులో ఆమె నవ్వు చూస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. అదే ప్రమాదం. ఎద్దుల సంగతి, ఫోన్లో మాట్లాడినవాడు అసలు రైతే కాదని చెప్తుంది గానీ, కారు రాలేదని చెప్పదు.

తిరుగు దారిలో బస్సు ఆగేచోట ఒక ఆడమనిషి చెయ్యెత్తి బండి ఆపింది. నలభై ఐదేళ్ళుంటాయి. మణికట్టు మీద పాత కాలిన మచ్చ. చుట్టూ చూసి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. పేరు చెన్నవ్వ, శరణబసవ తోట ఇంట్లో వంట చేస్తుందట. మేం ఊళ్ళో ఏం అడుగుతున్నామో అప్పటికే ఆమె చెవిన పడింది.

“అక్కా, సావుకారి కారు సోమారం ఈడికి రాలే. శనారం నుంచే కారు రాయచూర్ల షెడ్డుల ఉండె. నా పేరు మాత్రం ఏడ రావొద్దు. వచ్చిందంటే నా పని పోతది.”

అదే ప్రశ్న ఆమెనూ అడిగాను. “సోమారం పొద్దుగాల నీ కాళ్ళు ఏడున్నయి చెన్నవ్వా?”

“పొయ్యి కాడ. ఇంకేడుంటయి? సావుకారి మోకాలు నొప్పని మంచం దిగలే. మూడుసార్లు చాయ్ నేనే ఇచ్చిన. కారు ఎప్పుడిస్తవని షెడ్డాయనకు ఫోన్ల ఒకటే కేకలు.”

“ఇది చెప్తే నీకేం లాభం?”

హనుమేశ్ ఇబ్బందిగా కదిలాడు. చెన్నవ్వ మాత్రం తడుముకోలేదు. “ఉంది. నల్లా వస్తే మా గల్లీకే వస్తది. దినాము నాలుగు బిందెలు మోస్తున్న. అందుకే చెప్తున్న. అబద్ధమైతే చెప్పకపోదును, ఆయన ఉప్పు తింటున్న గదా.”

నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ప్రహ్లాద్ తన లాభం గురించి ఒక్క ముక్కా ఎత్తలేదు. ఈమె తన లాభం తానే చెప్పింది, నష్టమూ తానే చెప్పింది. అయినా ఒక్కమనిషి మాట ఒక్కమనిషి మాటే. దాన్ని అచ్చు వేయలేను. కానీ ఆమె మాకు వెతకాల్సిన చోటు చూపించింది.

గురువారం పొద్దున్నే హనుమేశ్ ఒక్కడే రాయచూరు షెడ్ల వెంట తిరిగాడు. నాలుగో షెడ్డు దుర్గప్పది. దుర్గప్పకు ఒక అలవాటుంది. బాగుకొచ్చిన ప్రతి కారునూ లోపలికి తీసుకోకముందే నాలుగు వైపులా ఫోన్లో ఫోటో తీస్తాడు. పాత గీతలు చూపించి, నీ షెడ్డులోనే పడ్డాయని తర్వాత ఎవరూ తగువు పెట్టుకోకుండా. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ తీస్తాడు. శరణబసవ కారు శనివారం సాయంత్రం లోపలికొచ్చింది, మంగళవారం మధ్యాహ్నం బయటికి పోయింది. రెండుసార్లు తీసిన ఫోటోల్లోనూ నంబరుంది, తేదీ ఉంది. ప్రహ్లాద్ కలిపించిన రైతు చెప్పిన నంబరే అది. సోమవారమంతా ఇంజను విప్పేసి కిందే ఉందన్నాడు దుర్గప్ప.

“పేరు రాసుకోండి. నేను చెప్పింది నా పని సంగతే గదా, భయమెందుకు?” అన్నాడట.

హనుమేశ్ శరణబసవకూ ఫోన్ చేశాడు. ఆయన విని ఫోన్ పెట్టేశాడు. ప్రహ్లాద్ ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు.

ఆ సాయంత్రం హనుమేశ్ మళ్ళీ రాశాడు. ఈసారి వెనక్కి జరగకుండా నా పక్కనే నిలబడ్డాడు. సోమవారం నాగలి తోలుతూ ఒక రైతు చూశాడంటూ నింగమ్మ గురించి ఒక పుకారు తిరుగుతోందనీ, దాన్ని మేమూ విన్నామనీ, ఎర్రచెలకలో సోమవారం నాగలి కట్టరని కిష్టప్ప చెప్పాడనీ, ఆ కారు ఆ రోజు దుర్గప్ప షెడ్డులో ఉందనీ, శరణబసవ జవాబివ్వలేదనీ. పుకారు ఎవరు పుట్టించారో రాయలేదు. నాకు తెలుసనుకుంటాను గానీ, అనుకున్నవి అచ్చు వేయను. వంటమనిషి ఊసు అసలే లేదు.

శుక్రవారం పొద్దున ఎర్రచెలక టీ హోటల్లో మా వెనక పేజీని ముందుగా చదివారు. సోమవారం నాగలి అనగానే ఊరు ఊరంతా నవ్విందట. గోడమీద కూర్చున్న ఆ ఇద్దరూ నవ్వుతున్న జనంలోంచే సమావేశానికి పోవలసి వచ్చింది. సహాయ కమిషనర్ లెక్కపెడితే లేచిన చేతులు ఎనిమిది. నింగమ్మ అక్కడి నుంచి నేరుగా పైపు తవ్వే చోటికి పోయిందని హనుమేశ్ ఫోన్ చేసి చెప్పాడు.  నా కళ్ళు తడిశాయి, దాచుకోవడం దేనికి.

సాయంత్రం శరణబసవ మా ఆఫీసుకే వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“నా కారు షెడ్డుల ఉన్న సంగతి మీకెవరు చెప్పిండ్రు? నా ఇంటోళ్ళెవరన్న చెప్పిండ్రా?”

అంబరీశ్ గారు గబగబా తన గదిలోంచి బయటికి వచ్చారు. ఆయన పత్రికకు శరణబసవ లాంటివాళ్ళ ప్రకటనలూ కావాలి. “చెప్పరాదు హనుమేశ్, మన సావుకారే గదా,” అన్నారు.

నేను నోరు తెరవబోయాను. హనుమేశ్ నాకంటే ముందే లేచి నిలబడ్డాడు.

“షెడ్డు రోడ్డు మీదనే ఉంది సార్. దినాము వెయ్యి మంది దాని ముంగట్నుంచి పోతరు.”

“గా వెయ్యి మందిల ఎవరని అడుగుతున్న!”

“విశ్వసనీయ వర్గాలు సార్,” అన్నాడు హనుమేశ్. ఎంత అడిగినా, యజమాని కళ్ళతో బతిమాలినా, ఆ రెండు మాటలు తప్ప అతని నోట ఇంకొక అక్షరం రాలేదు. శరణబసవ తలుపు దభాలున వేసి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట విని నాకు ఒళ్ళు మండలేదు. హనుమేశ్ నా వైపు చూస్తే, కూర్చోమని సైగ చేసి, నా టీలో సగం అతని గ్లాసులో పోశాను. బయట పొద్దు వాలుతోంది. ఆ వేళకు ఆ విశ్వసనీయ వర్గాల కాళ్ళు ఎక్కడుంటాయో మా ఇద్దరికే తెలుసు. ఎప్పటిలాగే ఆ తోట ఇంట్లో, పొయ్యి దగ్గర, పని పోకుండా.