కాళ్ళు తిన్న చక్కెర

నేస్తున్న తివాచీలో ఎర్ర ఉన్ని ముడి పడాల్సిన చోట ఇజ్జా నారింజ రంగు ముడి వేసింది. అది మొదట చూసింది తోడికోడలు కెల్తూమ్.

"ఒసే, కళ్ళు మేకలకి మేతగా వేశావా? ఆ బొమ్మ చూడు, కుంటిగాడిదలా ఓ పక్కకి ఒరిగిపోయింది."

"వెలుతురు చాల్లేదక్కా."

"సూర్యుడు నెత్తిమీదున్నాడు. ఇంకా ఏం వెలుతురు కావాలే నీకు?"

కొంతకాలంగా ఇజ్జాకి మగ్గం మీద పడుగు దారాలు తడిసిన వెంట్రుకల్లా ఒకదాంతో ఒకటి అంటుకుపోయి కనిపిస్తున్నాయి. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక ఎండిపోతోంది. ఎవరో దిష్టి పెట్టారనుకుని పటిక కాల్చింది. పటిక పొంగి కన్ను ఆకారం తేలింది గాని, తన కన్ను మాత్రం తేటపడలేదు. సిర్వా కొండ ఒళ్ళో ఉన్న ఆ ఊళ్ళో ఫలానా ఆడది అంటే ఫలానా తివాచీ నేసినది అనే లెక్క. చూపు పోయినదాన్ని చెయ్యి పట్టుకుని పొయ్యి పక్కన కూర్చోబెడతారు. తన తల్లిని అలాగే కూర్చోబెట్టారు. అప్పుడు ఆ జబ్బుకి పేరు కూడా ఎవరూ పెట్టలేదు.

సంత రోజున కెల్తూమ్ ఆమెను ఆటోలో ఎక్కించుకుని పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయింది. జుబైదా అనే నర్సు ఇజ్జా వేలి కొన పొడిచి, రక్తపు చుక్కని చిన్న మిషనుకి తాగించింది.

"పిన్నీ, లీటరు రక్తంలో చక్కెర ఒక గ్రాము దగ్గర ఉండాలి. నీది మూడు. చక్కెర జబ్బు."

డాక్టరు కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. తరవాత జుబైదా విడమరిచి చెప్పింది. "కంటి వెనకాల ఇంకా ఏమీ చెడలేదట. ముందున్న బిళ్ళ ఉందే, అది తియ్యటి రక్తంలో నాని శనగగింజలా ఉబ్బింది. చక్కెర దిగితే మెల్లగా మామూలుకొస్తుంది. దిగకపోతే మాత్రం వెనక దెబ్బతింటుంది, అది మళ్ళీ రాదు."

"అంటే నా చూపు నా చేతిలోనే ఉందా?" అంది ఇజ్జా.

"మాత్రల్లో కొంత, నీ నోట్లో కొంత, నీ కాళ్ళలో కొంత. ఇంకో మాట. దిగేటప్పుడు కొన్నాళ్ళు చూపు ఇంకా అలుక్కుపోవచ్చు. భయపడి కళ్ళద్దాలు కొనేవు సుమా."

మాత్రలు, అరువిచ్చిన మిషను చెంగున కట్టుకుని ఇల్లు చేరేసరికి, ఆమెకన్నా ముందే కబురు ఊరు చేరింది.

ఇక చూడండి, పరామర్శలు! జబ్బుపడ్డ మనిషిని వట్టి చేతులతో చూడబోవడం మర్యాద కాదు. చూడబోయేవాళ్ళు తెచ్చేది చక్కెర దిమ్మె. ఒకరి తరవాత ఒకరు నీలం కాగితం చుట్టిన దిమ్మెలు తెచ్చి గోడవార నిలబెట్టారు. చక్కెర జబ్బొచ్చిన ఇంట్లో చక్కెర దిమ్మెలు పెళ్ళికొచ్చిన చుట్టాల్లా వరస కట్టాయి. ఒక్కరికీ అది వింతగా తోచలేదు. "దేవుడు నీకు స్వస్థత ఇవ్వాలి ఇజ్జా" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు, టీలో ఇంకో గడ్డ వెయ్యమన్నారు.

ఇజ్జా నోరు కట్టుకుంది. తన గ్లాసులో చక్కెర వెయ్యనివ్వలేదు. పుదీనా టీ చేదుగా గొంతు దిగుతుంటే కళ్ళు మూసుకుని మింగింది. ఆ చేదు పోవడానికి మాత్రం బాదం, అర్గాన్ గింజల నూనె, కొండతేనె కలిపి నూరిన అమ్లూలో రొట్టె ముంచుకుని తినేది. తేనె మందు కదా, తాతలనాటి మాట. తేనెలో చక్కెర ఎవరు పోశారు?

మిషను మాత్రం రోజూ అదే అంకె చూపిస్తోంది. చూపూ అలాగే ఉంది.

"మాత్రతో పాటు ఇంకేం మింగుతున్నావే?" అని కెల్తూమ్ నిలదీసింది.

"నీ మీద ఒట్టు, చక్కెర పలుకు ముట్టలేదు."

"నా మీద ఒట్లు వెయ్యకు, నాకింకా మనవల పెళ్ళిళ్ళు చూడాలనుంది."

మర్నాడు మందుల కోసం పట్నం వెళ్ళినప్పుడు జుబైదా సంగతంతా విని, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. "పిన్నీ, నీకు జబ్బని తేనెటీగకి ఎవరైనా చెప్పారా? నా మాట నమ్మొద్దు. తినే ముందు పొడుచుకో, తిన్న తరవాత పొడుచుకో. నీ రక్తమే చెబుతుంది."

ఇంటికొచ్చి, తినకముందు పొడుచుకుంది. రెండు దాటి ఉంది. అమ్లూతో రొట్టె తిని, కొంతసేపు ఆగి మళ్ళీ చూసింది. మూడు దాటింది. ఇజ్జా తేనె జాడీ వంక, తనని మోసం చేసిన సొంత చెల్లెల్ని చూసినట్టు చూసింది.

ఆ రోజునుంచి వంట మారింది. గిన్నె నిండా మసూరు పప్పు, కొండ ఆకుకూర, ఉడికించిన గుడ్డు, పక్కన అరచేతిలో పట్టేంత బార్లీ రొట్టె. అమ్లూ కెల్తూమ్ ఇంటికి పోయింది. దిమ్మెలు రెండు వీధుల అవతల జరిగే పెళ్ళికి పోయాయి.

ఇంతవరకూ జరిగింది ఆమెకి అర్థమైంది. తక్కువ తింటే తక్కువ చేరుతుంది, అంతే కదా. అర్థం కానిది ఒక మధ్యాహ్నం జరిగింది. అన్నాల తరవాత పొడుచుకుంటే అంకె పైనే ఉంది. విసుగొచ్చి ఇజ్జా పాత ఊటబావి దారి పట్టింది. గుమ్మంలోకి కొళాయి వచ్చాక ఆ దారి తొక్కి ఎన్నేళ్ళయిందో. ఎగువకి నడిచి, రాయి మీద ఊపిరి పీల్చుకుని, దిగొచ్చింది. మళ్ళీ పొడుచుకుంది.

అంకె రెండుకన్నా కిందకి దిగింది.

మిషను చెడిందనుకుని ఇంకో వేలు పొడుచుకుంది. అదే అంకె. ఈలోపు మాత్ర వేసుకోలేదు, కక్కుకోలేదు. మరి ఒంట్లో ఉన్న చక్కెర ఎటుపోయింది?

"కాళ్ళు తిన్నాయి పిన్నీ," అంది జుబైదా ఫోనులో. "కండ కదిలితే రక్తంలో చక్కెరని లాక్కుని కాల్చుకుంటుంది. పొయ్యిలో పుల్లలాగే."

ఫోను పెట్టేసి ఇజ్జా గుమ్మంలో కూర్చుంది. పాదాలు చాపి చూసుకుంది. మడమలు పగిలి, వేళ్ళు వంకర్లు పోయిన ముసలి పాదాలు. నలభై ఏళ్ళు నీళ్ళు మోశాయి, కట్టెలు మోశాయి, పిల్లల్ని మోశాయి. అవి మోస్తున్నాయని తెలుసు గాని, అవి తింటున్నాయని ఏనాడూ తెలియదు. రెండు చేతులతో పిక్కలు పట్టుకుంది. లోపల ఏదో వెచ్చగా, తన ప్రమేయం లేకుండా, తన కోసమే పనిచేస్తోంది. మసీదులో గొంతు తగ్గించి మాట్లాడినట్టు, ఆమె తన ఒంటి ముందు నిశ్శబ్దమైపోయింది.

"ఏమే, కాళ్ళకి దణ్ణం పెడుతున్నావా?" అంది కెల్తూమ్ అటుగా వచ్చి.

"పెట్టాల్సిందే అక్కా. రేపట్నించి నువ్వూ రా. అమ్లూ అంతా నీ కడుపులోకేగా పోయింది."

ఇద్దరూ తిన్న ప్రతిసారీ ఎగువకి నడిచేవాళ్ళు. అంకె మెట్టు మెట్టుగా దిగింది. చూపు మాత్రం జుబైదా చెప్పినట్టే ఇంకా చెడింది. ఇజ్జాకి మగ్గం ఓ రంగుల గోడ అయిపోయింది. ఓ ఉదయం ఆమె ముడులు దిగ్గొట్టే మగ్గం దువ్వెన విసిరికొట్టింది. "నోరు కట్టుకున్నందుకా ఇది? మా అమ్మ తియ్యగా తాగి గుడ్డిదైంది. నేను చేదు తాగి గుడ్డిదాన్నయ్యాను."

కెల్తూమ్ ఎప్పుడూ లేనిది మెల్లగా మాట్లాడింది. "ఆ పిల్ల ముందే చెప్పింది కదే. నడుద్దాం లే. నడిస్తే పోయేదేముంది?"

నడిచారు. బాదంచెట్లు పూత పట్టే రోజులు. ఓ ఉదయం మలుపు దగ్గర ఇజ్జా ఆగిపోయింది. తెల్లటి పొగలా ఉండే కొమ్మ పువ్వులుగా విడిపోయింది. ఒక్కో పువ్వుకి రేకులున్నాయి, రేకుల నడుమ గులాబి చుక్క ఉంది, చుక్క మీద తేనెటీగ ఉంది, దాని కాళ్ళకి పసుపు దుమ్ము ఉంది. ఊపిరి గట్టిగా వదిలితే చెదిరిపోతుందేమోనని ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఏమైందే?"

ఇజ్జా తిరిగి చూసింది. "అక్కా, నీ గడ్డం మీద ఆ వెంట్రుక ఎప్పుడు మొలిచింది?"

కెల్తూమ్ గడ్డం తడుముకుని తిట్టబోయి, ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకుంది.

శిఖరం మీద మంచు అంచు కత్తి గీసినట్టుంది. కింద లోయ అంతా రాళ్ళు రాళ్ళుగా, దారులు దారులుగా విప్పుకుని పడుంది. ఇదంతా ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా! అవతలి వాలులో ఒకామె నడుస్తూ కదురు తిప్పుతోంది. కదురు గిర్రున తిరుగుతుంటే ఎండ తళుక్కుమంటోంది.

"అదిగో, ఫాద్మా! కదురు చూడు ఎలా తిప్పుతోందో."

కెల్తూమ్ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. కళ్ళు చిట్లించింది. "ఏ ఫాద్మా? నాకక్కడ బండ తప్ప ఏం లేదే."

ఇజ్జా నవ్వబోయి ఆగింది. కెల్తూమ్ ముఖం వంక, ఎండిన పెదాల వంక చూసింది. దారి పొడుగునా ఆమె నీళ్ళ సీసా ఖాళీ చేస్తూనే ఉంది.

"రేపు రొట్టె ముట్టుకోకముందు మా ఇంటికి రా అక్కా. వేలు ఓసారి పొడుద్దాం."

"నాకేం రోగమే?"

"ఏమీ లేకపోతే మంచిదే. ఉంటే, దారి మనకి తెలుసు."

కెల్తూమ్ మరోసారి అవతలి వాలు వంక చూసింది. ఇజ్జా వేలు పెట్టి చూపించింది, మెల్లగా, పసిపిల్లకి చందమామని చూపించినట్టు. తరవాత దిగేటప్పుడు కెల్తూమ్ చెయ్యి చాపింది, ఇజ్జా పట్టుకుంది.