కోటగోడకు కొత్త సిమెంటు

మన్సూరాబాద్ దాటి లోపలికి వస్తే మా కాలనీ చివర ఒక రాతిగోడ ఉంది. కాలనీ రాకముందు అక్కడ ఊరుండేది, ఊరి చుట్టూ కోట ఉండేది. ఆ కోటలో మిగిలింది ఈ గోడ ఒక్కటే, రెండు బస్సులు ఆగేంత పొడవు. మట్టి, డంగుసున్నం పెట్టి పేర్చిన పెద్ద పెద్ద రాళ్లు. తుపాకులు పెట్టుకోవడానికి వదిలిన కంతల్లో గోరింకలు కాపురముండేవి.

గోడ పక్క ఇల్లు శివమ్మ అవ్వది. ముందు గదిలో నేను కిరాయికి ఉంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని. వచ్చిన కొత్తలో, పొద్దున్నే గోడ ముందు ఊడ్చి, రాళ్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడే అవ్వను చూసి ఎందుకని అడిగాను.

"మా ఆయన గీడనే పుట్టిండు బిడ్డా. రజాకార్ల కాలంల ఊరోళ్లంత గొడ్డూ గోదతోని కోట లోపల్కి ఉరికిన్రంట. దర్వాజ మూసినంక మా అత్తకు నొప్పులొచ్చినయ్. అరిస్తె బయటికి ఇనవడ్తదని నోట్ల కొంగు కుక్కుకున్నదంట. గీ గోడకే ఒరిగి కన్నది."

ఆయన పోయేదాకా ప్రతి వానాకాలం తర్వాత, జారిన రాళ్లను ఆయనే మట్టితో మళ్లీ కూర్చేవాడట. ఇప్పుడు అవ్వ ఒక్కతే.

ఈ ఎండాకాలం రోడ్డు వెడల్పు చేస్తారని, గోడ పోతుందని తెలిసింది. పాత కట్టడమని సర్కారు రాసుకుంటే ముట్టుకోరని ఎవరో చెప్పారు. అవ్వ చెబుతుంటే అర్జీ నేను రాశాను. దాన్ని పట్టుకుని ఆమె తిరగని ఆఫీసు లేదు. చివరికి ఫోనొచ్చింది, సోమవారం ఆఫీసరు వచ్చి గోడ చూస్తుందని. ఫోనొచ్చిన రోజే అవ్వ గల్లీలో అందరికీ బెల్లం పంచింది.

మధ్యలో మా చిన్నాన్న కూతురి పెళ్లికి నేను నల్లగొండ పోయాను. ఆదివారం సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గల్లీ చివర తెల్లగా మెరుస్తోంది.

గోడ మొత్తం సిమెంటు పూశారు. పైన తెల్లరంగు, అడుగున ఎర్రటి జాజు పట్టె. కంతలు లేవు. గోరింకలు కరెంటు తీగ మీద కూర్చుని ఒకటే అరుపు.

హార్డ్‌వేర్ దుకాణం జోగారావు గారు చేతులు తుడుచుకుంటున్నారు. ఆయనది కాకినాడ వైపు. "ఏవమ్మా, ఎలా ఉంది? సిమెంటు నాది, కూలి కాలనీవాళ్లది."

"ఒక్క మేకు ఊకె ఇయ్యని సారు పైస అడగకుంట సిమెంటిచ్చిండు. రేపు వానొస్తది సూడు," అని అవ్వ నవ్వింది. ఆమె మోచేతుల దాకా తెల్లరంగే.

"ఎందుకు పూసిన్రు అవ్వా?"

"అదేంది బిడ్డా! చూపులకొచ్చెటోళ్ల ముందట పిల్లను మాసిన చీరతోని నిలవెడ్తమా?"



సోమవారం వచ్చిన ఆఫీసరు పేరు రోహిణి. చిన్న వయసే. గల్లీ ఆ చివరి దాకా నడిచి వెనక్కి వచ్చి, "గోడ ఎక్కడుందమ్మా?" అని అడిగింది.

"గిదే గదా బిడ్డా," అంది అవ్వ సంబరంగా.

రోహిణి తెల్లరంగు మీద వేలితో రుద్ది చూసింది. సంచిలోంచి చిన్న సుత్తె తీసి ఒక మూల మెల్లగా కొట్టింది. సిమెంటు పెచ్చు ఊడింది. దాన్ని అంటుకుని ఒక రాయి, రాయి వెనక మట్టి జలజలా రాలాయి. ఆమె వెంటనే చెయ్యి ఆపేసింది.

నా ఫోనులో పాత ఫొటో ఉంటే చూపించాను. చాలాసేపు చూసింది.

"ఈ గోడయితే రాసేదాన్ని," అంది ఫోను తిరిగి ఇస్తూ. "నేను రాసినా పైవాళ్లు వచ్చి చూసేది ఈ సిమెంటునే కదా."

"అంత గీకేస్తం మేడం. జర టైమియ్యి," అంది అవ్వ.

"గీకితే కూలిపోతుందమ్మా. ఇప్పుడు చూశారుగా."

"మంచికే చేశామండీ," అన్నారు జోగారావు గారు.

"తెలుసండీ."

అవ్వ ఇచ్చిన మంచినీళ్లు తాగి ఆమె వెళ్లిపోయింది. అవ్వ కింద పడిన రాయిని ఎత్తి ఆ సందులో పెట్టింది. నిలవలేదు. మళ్లీ పెట్టింది. నేను పోయి చెయ్యి పట్టుకునేదాకా పెడుతూనే ఉంది.

కొన్నాళ్లకు రోడ్డు పనివాళ్లు ఎర్రరంగు డబ్బాతో వచ్చారు. కూల్చే గుర్తు ఇంతకుముందు కూడా వేశారు గాని, గరుకు రాళ్ల మీద, నాచు మీద పట్టలేదు. ఈసారి ఒక్కసారికే పట్టింది. పెద్ద బాణం, పక్కన ఇంటూ మార్కు.

"గిప్పుడు మంచిగున్నది," అన్నాడు వాళ్లలో ఒకాయన వెనక్కి జరిగి చూస్తూ. "రోడ్డు మీదికెల్లి కూడ కనవడ్తది."

అవ్వ చీపురు కింద పెట్టి, ఎప్పటిలాగే గోడ దగ్గరికి పోయి చెయ్యి చాపింది.

"ముట్టకు అవ్వా, పచ్చిగున్నది," అన్నాడతను.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది.