ఖాళీ గొంతు

జహీరాబాద్‌లో మిషన్ వాళ్ల ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటి ఉంది. దాని ఆవరణలో ఎర్రరాతితో కట్టిన చిన్న ప్రార్థనాలయం, ఆ ప్రార్థనాలయానికి ఒక పాటల బృందం, ఆ బృందానికి ఒక వింత ఆచారం. అక్కడ పాట మూడు గొంతుల్లో నడుస్తుంది. పై గొంతు అందరికీ తెలిసిన వరస పాడుతుంది. నడిమి గొంతు దాన్ని ఆనుకుని పోతుంది. కింది గొంతు అడుగున తన దారిన తాను నడుస్తుంది. బృందంలో పాడే పిల్ల, ఒకప్పుడు పాడి వెళ్లిన పిల్ల ఎవరైనా చనిపోతే, వారం గడిచాక వచ్చే ఆదివారం ఆ పిల్లది ఏ గొంతైతే ఆ వరుస వాళ్లంతా నోరు మూసుకుని నిలబడాలి. మిగిలిన రెండు గొంతులే పాడాలి. దాన్ని ఖాళీ గొంతు అంటారు. ఎప్పుడో దొరసానుల కాలంలో కలరాకు ఒక పిల్ల పోతే పక్కనున్న పిల్లలకు గొంతు పెగలలేదట. ఆ పెగలకపోవడమే ఆచారమై కూర్చుంది.

పాటల టీచరు మణెమ్మ ఇన్నేళ్లలో ఈ ఆచారాన్ని ఎప్పుడో చదువుకుని వెళ్లిపోయిన పెద్దవాళ్ల కోసం పాటించింది. తాను నేర్పుతున్న పిల్ల కోసం పాటించాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అదీ తానే చేతులారా తెచ్చిపెట్టిన చావుకు.

ఆ పిల్ల పేరు రుచిత. ఝరాసంగం దగ్గర పల్లె. తండ్రి శరణప్ప, తల్లి ఇందిరమ్మ, కందీ పత్తీ వేసుకుని బతికేవాళ్లు. రుచితది బరువైన గొంతు. బడిలో మొగగొంతని ఏడిపించారట, అందుకని కాలేజీకి వచ్చాక సగం మాటలు మింగేసేది. ఒకరోజు హాస్టల్ నల్లా దగ్గర "నీళ్లు బందైనయే!" అని అరిచింది. ఆ అరుపు వరండాలో పోతున్న మణెమ్మ చెవిన పడింది. అంతే, బకెట్టు అక్కడే పెట్టించి చెయ్యి పట్టుకుని ప్రార్థనాలయానికి తీసుకుపోయింది. ఆడపిల్లల బృందంలో మంచి కింది గొంతు దొరకడం ఎంత కష్టమో పాటల టీచర్లకే తెలుసు. అందరికీ పైన పాడాలనే ఉంటుంది. నలుగురికీ వినబడాలి గదా. రుచితకు ఆ యావ లేదు. ఆమె చేరాక కింది వరుసలో మిగిలిన ఇద్దరు పిల్లలూ ఆమె గొంతు పట్టుకుని నడిచేవారు.

మణెమ్మ పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పేది ఊపిరి. "ఊపిరి తీస్కోండ్రి, కాని ఇనబడొద్దు. ఇనేటోళ్లకు మనకు ఒళ్లున్నదనే తెల్వొద్దు," అనేది. ఎక్కడ తీసుకున్నదీ పక్కపిల్లకు కూడా తెలియకుండా తీసుకోవాలి. దాన్ని దొంగ ఊపిరి అనేది. రుచిత ఆ దొంగతనం అందరికంటే బాగా నేర్చుకుంది.

ఈ ఏడు శుభ శుక్రవారానికి మణెమ్మ ఒక పాట కట్టింది. ముప్పై ఏళ్లుగా ఇంకొకరి పాటలు నేర్పి నేర్పి, మొదటిసారి తన సొంతది. బిషప్‌గారు వచ్చి వింటారని కూడా ఖాయమైంది. ఆ పాటకు ప్రాణమంతా కింది గొంతులోనే పెట్టింది. "చీకటి పడెను కొండపైన, నా దొర ఒంటరివాడాయెను." ఈ వరస మొత్తం ఒక్క ఊపిరిలో పోవాలి, ఎక్కడా తెగకూడదు. అది పాడగలిగేది రుచిత ఒక్కతే. మణెమ్మకు నిద్రలో కూడా అదే పాట.

అట్లాంటి రోజుల్లో ఒక బుధవారం సాయంత్రం, సాధన మొదలయ్యే ముందు, రుచిత గది స్నేహితురాలు మెహ్రీన్ మణెమ్మ దగ్గరికి వచ్చింది. మెహ్రీన్‌ది నడిమి గొంతు. ఆమె వెనక రుచిత పొట్ట పట్టుకుని నిలబడింది.

"మేడం, రుచితకు పొద్దటి సంది కడుపుల నొస్తుందట. జర దవాఖానకు తోల్కపోత," అంది మెహ్రీన్.

"నొస్తుందా?" మణెమ్మ రుచిత వైపు చూసింది. "ఏం తిన్నవే?"

"ఏం తిన్లే మేడం. కుడిదిక్కు గట్టిగ నొస్తుంది."

"ఏం తినకుంటె గ్యాస్ గాక ఏమైతది? పాట అయినంక పోదురు. నువ్వు లేకుంటె వీళ్లు నోరు తెరువరు, ఇయ్యాల పాట నిలబడాలె."

రుచిత వెళ్లి తన వరుసలో నిలబడింది. మొదటిసారి పాడినప్పుడు వరస ముక్కలు ముక్కలైంది. "కట్టెలు కొట్టినట్టు పాడుతున్నవేందే, ఊపిరి ఇనబడుతుంది," అని కసిరింది మణెమ్మ. రెండోసారీ అంతే. మూడోసారి రుచిత కళ్లు మూసుకుంది. చీకటి పడెను దగ్గర ఎత్తుకుని ఒంటరివాడాయెను దాకా ఎక్కడా తెగకుండా, ఊపిరి అన్నదే లేనట్టుగా పాడింది. మణెమ్మకు ఒళ్లు జలదరించింది. తాను విన్న పాట ఇదే, మనసులో.

"చూసినవా, అయింది గదా! నొప్పున్నోళ్లు గిట్ల పాడ్తరా?" అంది సంబరంగా. "పొయ్యి సోడా తాగి పండుకో."

ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే మామూలు మనుషులు ముఖం చూస్తారు, నుదుటి మీద చెయ్యి వేస్తారు. మణెమ్మ గొంతు విన్నది. నొప్పిని గొంతులో పడనియ్యకుండా దాచడం ఆ పిల్లకు నేర్పింది తానేనన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తే లేదు. మేడం బాగున్నావన్నాక రుచిత కూడా మళ్లీ దవాఖాన మాట ఎత్తలేదు.

మర్నాడు నొప్పి తగ్గినట్టే తగ్గిందట. ఆ తర్వాత ఒళ్లు పేలిపోయే జ్వరం. శుక్రవారం తెల్లవారి అంబులెన్సులో సంగారెడ్డి తీసుకుపోతే, లోపల పేగు పగిలి విషమెక్కిందని, ఒక్కరోజు ముందు తెచ్చినా బతికేదని డాక్టరు అన్నాడు. మధ్యాహ్నానికి పిల్ల లేదు.

ప్రిన్సిపాల్ మేడం కాలేజీ పేరును కంటికి రెప్పలా కాపాడుకునే మనిషి. పిల్లల్ని కూడా అట్లా కాపాడితే బాగుండేది. శరణప్ప ముందు చేతులు కట్టుకుని, "ఎవ్వరికీ ఒక్కమాట చెప్పలేదయ్యా, పిచ్చిపిల్ల, లోపలే దాచుకుంది," అంది. మణెమ్మ పక్కనే ఉంది. నోరు విప్పలేదు. ఆ మధ్యాహ్నం నుంచి మెహ్రీన్ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే చూసేది, అంతే. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయమనిపించేది మణెమ్మకు. చెప్పాలి, ఆ తల్లికి చెప్పాలి అని ప్రతి పూటా అనుకునేది. ఆ తల్లిని తలచుకుని మళ్లీ మర్నాటికి వాయిదా వేసేది.

వచ్చే ఆదివారం ఖాళీ గొంతు పాడతామని, రమ్మని ఇందిరమ్మకు కబురు పంపింది మెహ్రీనే. శరణప్ప రాలేదు. ఆ గేటు మళ్లీ దాటనన్నాడట. ఇందిరమ్మ ఒక్కతే షేర్ ఆటో ఎక్కి వచ్చింది. గేటు దగ్గర మణెమ్మ ఎదురెళ్లేసరికి ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏదో సన్నగా కూనిరాగం తీస్తోంది. అంతలో ప్రార్థన గంట మోగి అదేమిటో వినబడలేదు.

"మీరేనా మేడం, మణెమ్మ అంటే?" ఇందిరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నా బిడ్డ ఎప్పటికీ మీ ముచ్చటే చెప్పేది. నా గొంతు ఇని నవ్వనిది మా మేడం ఒక్కతే అనేది."

మణెమ్మ ఆ చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేకపోయింది. అట్లాగే లోపలికి నడిపించి ముందు వరుసలో కూర్చోబెట్టింది.

పాస్టరు అయ్యగారు బైబిలు వాక్యం చదివారు. ప్రిన్సిపాల్ నాలుగు మంచి మాటలు చెప్పింది, అందులో "ఎవ్వరికీ చెప్పుకోకుండా" అన్న మాట మళ్లీ వచ్చింది. తర్వాత బృందం లేచింది. రుచిత నిలబడే చోటు వదిలేసి కింది గొంతు పిల్లలిద్దరూ పెదవులు బిగించి నిలబడ్డారు. మణెమ్మ చెయ్యి ఎత్తింది. ఆమె కట్టిన పాటే. పై గొంతు, నడిమి గొంతు పాడాయి, అడుగున ఏమీ లేదు. బిషప్‌గారి ముందు మెప్పు పొందాలనుకున్న పాట ఇప్పుడు మణెమ్మకు వినబడనే వద్దనిపించింది.

పాట అయిపోయింది. ఇందిరమ్మ లేచి నిలబడింది.

"గీ పాట గాదు మేడం."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "ఏమయిందమ్మా?" అంది ప్రిన్సిపాల్.

"నా బిడ్డ పాట పాడ్తరంటె వచ్చిన. మాటలు గవే గని, పాట గిది గాదు. నా బిడ్డది వేరే ఉంటది. నాకు ఫోన్ల పాడి ఇనిపిచ్చింది."

ఆమెకు తెలిసింది కింది గొంతు ఒక్కటే. దాన్ని ఖాళీగా ఉంచి పాడేసరికి ఆమెకు తన పిల్ల పాట ఎక్కడా వినబడలేదు. మణెమ్మకు సంగతి తట్టి నోరు తెరిచేలోపే ఇందిరమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని తానే ఎత్తుకుంది. పొలంలో పాడే గొంతు, బరువైన గొంతు. ఆ గొంతు రుచితకు ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ ఒక్కసారిగా తెలిసింది.

"చీకటి..." ఆగింది. చిన్నగా ఊపిరి పీల్చింది. "పడెను..." మళ్లీ ఆగింది. "కొండ... పైన..."

వరసలో ఒక్క స్వరం తప్పు లేదు. కానీ రెండు మూడు అక్షరాలకొకసారి తెగుతోంది. తెగిన చోటల్లా గొంతులో ఎగపోత. అది కూడా పాటలో భాగమైనట్టు శ్రద్ధగా, ప్రతిచోటా అదే కొలతతో ఎగపోస్తోంది. ఆ తెగడం మణెమ్మ విన్నదే. బుధవారం సాయంత్రం మొదటిసారీ, రెండోసారీ విని కసిరిందే.

"గిట్ల," అంది ఇందిరమ్మ పాడటం ఆపి. "నడుమ నడుమ ఆగుతది. ఎందుకే గంతగనం ఆయాసపడ్తున్నవ్ అని నేనే అడిగిన. పాటనే గట్లుంటదమ్మా, మా మేడం గట్ల కట్టింది అన్నది. రోజూ పాడుకుంటున్న, మర్చిపోతనేమో అని. గిట్లనే గద మేడం?"

అందరూ మణెమ్మ వైపు చూశారు. నడిమి వరుసలోంచి మెహ్రీన్ కూడా. ఔనక్కా, గట్లనే అని అంటే సరిపోయేది. తల ఊపినా చాలు. కానీ ఆ తల్లి నోట ఆ ఎగపోత విన్నాక మణెమ్మ ఇంకొక్క క్షణం మోయలేకపోయింది. నిజం మీద ప్రేమతో కాదు, బరువు దించుకోవాలనే తొందరతోనే నోరు విప్పింది.

"గట్ల గాదక్కా. ఆ ఆగుడు పాటలది గాదు. నొప్పిది."

"మణెమ్మా!" అంది ప్రిన్సిపాల్.

"నాకు చెప్పిందక్కా. కడుపుల నొస్తుంది, దవాఖానకు పోత అని బుధవారం నాడు నా ముందర నిలబడి చెప్పింది. నేనే పోనియ్యలే. పాట అయినంక పొమ్మన్న. పాడినంక, మంచిగనే ఉన్నవ్ పొయ్యి పండుకో అన్న. ఎవ్వలకు చెప్పలేదన్నది అబద్ధం."

ఇందిరమ్మ మీదికి వస్తుందని, జుట్టు పట్టుకుంటుందని, మన్ను పోస్తుందని మణెమ్మ ఎదురుచూసింది. అట్లా చేస్తే బాగుండునని కూడా అనుకుంది. ఇందిరమ్మ కదల్లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు నేలకేసి చూస్తూ నిలబడింది.

"బుధవారమేనా?"

"ఔనక్కా."

"ఫోన్ జేసింది బుధవారమే. పాట నేర్సుకునుడు అయిపోయింది, ఇప్పుడే రూముకు వచ్చిన అన్నది." ఆమె గొంతు నెమ్మదిగా వస్తోంది. "మంచిగుంది బిడ్డా, మళ్ల పాడు అన్న. మళ్ల పాడింది. మీ నాయిన చేన్లకెళ్లి ఇప్పుడే వచ్చిండు, ఆయనకు గూడ ఇనిపియ్యి అన్న. ఇంకోసారి పాడింది. నొస్తుంటె... నొస్తుంటె నేను మూడుమార్లు పాడిపిచ్చిన."

కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నేల మీద కూలబడింది.

మణెమ్మ పరుగెత్తి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "నీకు తెల్వదక్కా. నీదేం తప్పు లేదు. నీకెట్ల తెలుస్తది?"

ఇందిరమ్మ తలెత్తి చూసింది. ఆ కళ్లలో కోపం లేదు. "నాకు చెప్పలే మేడం. నీకు చెప్పింది. నాకు పాట పాడింది," అంది.

మెహ్రీన్ వచ్చి ఆమె భుజాల కింద చేతులు వేసి లేపింది. ఇద్దరూ మెల్లగా గేటు వైపు నడిచారు. ప్రిన్సిపాల్ ఏదో అంటోంది. రేపటినుంచి రావద్దంటోంది కాబోలు. మణెమ్మ వినలేదు, మెట్ల మీద నిలబడి చూస్తూ ఉండిపోయింది. పొద్దున ఆ తల్లి ఇదే దారిన బిడ్డ పాట కూనిరాగం తీసుకుంటూ వచ్చింది. ఆమెకు మిగిలింది అదొక్కటే, ఇంటికి పోయి రోజూ పాడుకునేది. ఇక పాడితే ఏం వినబడుతుందో మణెమ్మకు తెలుసు. బిడ్డను తీసుకున్నది చాలక, ఇవాళ ఆ పాటను కూడా తానే తీసుకుంది.

గేటు బయట ఆటోవాడు ఝరాసంగం, ఝరాసంగం అని అరుస్తున్నాడు. ఇందిరమ్మ ఆటో ఎక్కి, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఆటో కదిలి, మలుపు తిరిగేదాకా ఆమె ఆ చెయ్యి తియ్యలేదు.